రెండు పనులు వదలొద్దు, మిగతావి వదిలేయొచ్చు

రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లు పేలిన ఇత్తడి కేసు (గుండునూ మందునూ పట్టి ఉంచే గొట్టం) మీద చేసే పనుల్లో సగానికి పైగా గురికి ఏ మేలూ చేయవు. ఇది నా గట్టి అభిప్రాయం, ఈ వ్యాసమంతా దాని గురించే. నెక్ (గుండును పట్టుకునే కేసు మెడ) చుట్టూ చెక్కడం, ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న బిళ్ల) కూర్చునే గుంట గీకడం, ఆ నిప్పు మందుకు చేరే రంధ్రం, అంటే ఫ్లాష్ హోల్ సాపు చేయడం, ఒక్కో కేసునూ తూకం వేసి కుప్పలుగా విడదీయడం, మెరిసేదాకా కడగడం, వీటికే శనివారాలు శనివారాలు పోతాయి. అదే రెండు పనులు మాత్రం ప్రతిసారీ ఒకే తీరుగా చేస్తే మామూలు ఫ్యాక్టరీ రైఫిల్‌లో కూడా తేడా కళ్లకు కనిపిస్తుంది. ఒకటి, అన్ని కేసుల్లోనూ ఇత్తడి మెత్తదనం ఒకేలా ఉంచడం. రెండు, షోల్డర్‌ను, అంటే నెక్ కింద కేసు వెడల్పయ్యే వాలును, ఎంత వెనక్కి నెడుతున్నామో కొలిచి నెట్టడం. జనం మాత్రం మొదటిదాన్ని తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు, రెండోదాన్ని డై (కేసును నొక్కి కొలతకు తెచ్చే అచ్చు) డబ్బాలో వచ్చిన కాగితానికి వదిలేస్తారు.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి ఇప్పుడు చండూరు దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. అక్కడ నేర్చుకున్న పని ఇది. మా నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వెళ్లిన పిల్లలు చాలామంది అక్కడ వారాంతాల్లో రేంజ్‌కి పోతున్నారు, అందులో కొందరు తూటాలు నింపుకునే మర, రీలోడింగ్ ప్రెస్ కూడా కొనుక్కున్నారు. మా చిన్నాన్న కొడుకు వాళ్లలో ఒకడు, డాలస్‌లో ఉంటాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒక కొత్త పరికరం పేరు చెప్పి "అన్నా, గిది కొంటే గ్రూపు చిన్నగైతదా?" అని అడుగుతాడు. గ్రూపు అంటే లక్ష్యం మీద గుండ్ల చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయన్నది. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఒకచోట రాసిపెడితే ఇంకొందరికి పనికొస్తుందనిపించింది.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇదంతా చట్టం ఒప్పుకునే చోట చేసే పని. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, తుపాకి పెట్టుకోవడానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకునే హక్కు రాదు. నేను వచ్చేటప్పుడు నా సామానంతా అక్కడే అమ్మేసి వచ్చాను. ఇక్కడ గురి నేర్చుకునే పిల్లలకు ఈ పని అవసరం కూడా లేదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అసలు కేసే ఉండదు. స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడే .22 తూటాకు నిప్పు రాజేసే మందు కేసు అంచులోనే ఉంటుంది, సూది ఆ అంచును నొక్కి పేలుస్తుంది, ఇక దాన్ని మళ్లీ నింపడం కుదరదు. వాళ్లు చేసేది వేరు: ఒకే కంపెనీ తూటాల్లో వేరు వేరు లాట్లు (ఒకేసారి తయారైన సరుకు) తెచ్చి తమ బారెల్‌కు ఏది నప్పుతుందో కాల్చి చూసుకుని, నప్పిన లాటునే ఎక్కువ కొని పెట్టుకుంటారు. ఆలోచన మాత్రం ఒకటే. ప్రతి గుండూ ముందు గుండులాగే బయటికి పోవాలి.

ఇక కేసు సంగతి. ట్రిగ్గర్ నొక్కాక దానికి ఏమవుతుందో తెలిస్తే ఏ పని చేయాలో, ఏది వదిలేయాలో దానంతట అదే అర్థమవుతుంది. .308 విన్చెస్టర్‌ను తీసుకుందాం, 1952లో వచ్చింది, ఇప్పటికీ అందరికీ తెలిసిన తూటా. దానికి అమెరికా ప్రమాణాల్లో రాసిపెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ ఒత్తిడికి కేసు ఉబ్బి చాంబర్ (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) గోడలకు అతుక్కుపోతుంది, అందుకే వేడి గ్యాసు వెనక్కి, మన ముఖం మీదికి రాదు. ఒత్తిడి తగ్గగానే కేసు కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది, అందుకే చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు తిప్పితే సులువుగా బయటికి వస్తుంది. ఉబ్బాలి, మళ్లీ ముడుచుకోవాలి, ఈ రెండూ చేయగలిగిన లోహం కావాలి. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి ఆ పని బాగా చేస్తుంది. పైగా కేసంతా ఒకే గట్టిదనంతో ఉండదు. అడుగు భాగం గట్టిగా ఉండాలి, ఒత్తిడిని మోసేది అదే, ప్రైమర్‌ను బిగించి పట్టుకునేదీ అదే. నెక్, షోల్డర్ మెత్తగా ఉండాలి. ఫ్యాక్టరీలో ఆఖరున నెక్‌ను కాల్చి మెత్తబెడతారు. కొన్ని కంపెనీల కొత్త కేసుల మీద నెక్ దగ్గర నీలి, ఊదా రంగు మచ్చలా కనిపిస్తుంది చూడండి, అది ఆ వేడి గుర్తు. లాపువా కంపెనీ దాన్ని అలాగే ఉంచుతుంది, కొందరు మెరుగుపెట్టి తుడిచేస్తారు. కొత్తగా కొన్నవాళ్లు ఆ రంగు చూసి సరుకు పాడైందని తిప్పి పంపించిన సందర్భాలు కూడా ఉన్నాయి, అలా చేయకండి.

మన చేతికి వచ్చాక ఏమవుతుంది? తూటా పేల్చినప్పుడు నెక్ ఉబ్బుతుంది, డైలో పెట్టి నొక్కితే ముడుచుకుంటుంది, డై మధ్యలో ఉండే గుండ్రటి ముక్క, ఎక్స్‌పాండర్, లోపలి నుంచి లాగితే మళ్లీ సాగుతుంది, గుండు కూర్చోబెడితే ఇంకాస్త. ఇదంతా చల్లగా ఉన్న లోహాన్ని వంచడమే, అలా వంచిన కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే తలకెక్కింది కానీ చేతికి ఎక్కలేదు. చండూరులో మా వీధి చివర పాత బిందెలు, చెంబులు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, కంచరి పని వాళ్ల ఇంట్లో తాతల నాటిది. ఇప్పుడు స్టీలు వచ్చాక పని తగ్గిపోయింది, అయినా సొట్టలు తీయించుకోవడానికి జనం ఇంకా వస్తారు. ఆయన దగ్గర కూర్చుని చూస్తే విషయం స్పష్టంగా తెలిసింది. సొట్ట మీద కాసేపు కొడతాడు, ఆపుతాడు, బిందెను నిప్పుల మీద పెడతాడు, తీసి మళ్లీ కొడతాడు. ఎందుకు తాతా మధ్యలో ఆపుతున్నావు అంటే, "సుత్తె దెబ్బ పడ్డకొద్దీ ఇత్తడి బిర్రుగైతది బిడ్డా. గప్పుడు నిప్పుల పెట్టాలె. పెట్టకుండ కొడితే పర్రె ఇస్తది" అన్నాడు. కాల్చాక నీళ్లల్లో ముంచాలా అని అడిగాను. "ముంచినా ఒక్కటే, ముంచకపోయినా ఒక్కటే. నీళ్లు నా చెయ్యి కాలకుండ" అన్నాడు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చేవాళ్లు చేసేదీ ఇదే, కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం. కమ్మరి ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడికి ఆ గుణం లేదు. మెత్తబెట్టేది వేడి ఒక్కటే, నీళ్లకు అందులో పాత్ర లేదు. రీలోడింగ్ చేసేవాళ్లలో ఇప్పటికీ నీళ్లలో వేయాలా వద్దా అని గంటలు గంటలు కొట్లాడుకుంటారు, ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

ఆ పర్రె మాట వచ్చింది కాబట్టి ఒక పాత కథ చెప్పాలి, మన దేశంలోనే జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల పెట్టెలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక పెట్టెలు తెరిస్తే కేసులు పగిలి ఉండేవి, ఎవరూ ముట్టుకోకుండానే. కారణం చాలాకాలం పాటు తెలియలేదు. 1921లో బ్రిటిష్ పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిని చల్లగా సాగదీసినప్పుడు దానిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగుళ్లు తెచ్చాయి. ఏదో ఒకటి లేకపోతే పగలదు. కేసును కాల్చి ఆ బిగువు తీసేస్తే సమస్య పోయింది. మనకు దీనిలో పనికొచ్చేవి రెండు. అమ్మోనియా ఉన్న పాలిష్ ఏదీ కేసులకు రాయకూడదు. ఇంకా, నింపి పెట్టిన తూటాలు కొన్ని నెలల తర్వాత డబ్బాలోనే నెక్ దగ్గర చీలి కనిపిస్తే అది ఎక్కువగా కేసులను ఎప్పుడూ వేడిచేసి మెత్తబెట్టకపోవడం వల్ల వచ్చిందే.

చీలడం కంటికి కనిపించే నష్టం. గురికి తగిలే నష్టం కనిపించదు. గట్టిపడిన నెక్‌ను అదే డైలో నొక్కినా అది మెత్తటి నెక్ ముడుచుకున్నంత ముడుచుకోదు, కొంత వెనక్కి తెరుచుకుంటుంది. అంటే ఒకే డై, ఒకే చెయ్యి, ఒకే రోజు చేసినా రెండుసార్లు పేలిన కేసుకూ ఏడుసార్లు పేలిన కేసుకూ నెక్ కొలత వేరుగా వస్తుంది. షోల్డర్ కూడా అంతే. అందుకే నెక్‌ను మంటలో కాల్చి మెత్తబెట్టడాన్ని మొదట పెట్టాను. మెత్తదనం ఒకేలా లేకపోతే ఆ తర్వాత మనం కొలిచే కొలతలన్నీ కేసు కేసుకూ మారుతుంటాయి, ఎంత ఖరీదైన డై కొన్నా అంతే.

ఎలా కాల్చాలి? న్యూజిలాండ్ కంపెనీ వాళ్ల ఇండక్షన్ యంత్రం ఉంది, వెయ్యి డాలర్లు దాటుతుంది, చాలా బాగా చేస్తుంది, డబ్బుంటే కొనుక్కోండి. లేకపోతే ప్రొపేన్ టార్చ్, డ్రిల్లుకు తగిలించిన సాకెట్, చీకటి గది, గడియారం చాలు. సాకెట్‌లో కేసు నిలబెట్టి మెల్లగా తిప్పుతూ నెక్‌కూ షోల్డర్‌కూ కలిసే చోట మంట తగలనివ్వాలి. కొన్ని సెకన్లలో పని కావాలంటే నెక్ 500 డిగ్రీల సెల్సియస్ దాటాలి, చీకట్లో చూస్తే అప్పుడే ఎరుపు తొంగిచూస్తున్నట్టు ఉంటుంది, అక్కడే ఆపాలి. మీ మంటకు, మీ కేసుకు అది ఎన్ని సెకన్లో పనికిరాని కేసుల మీద చూసుకుని, ఆ లెక్కనే అన్నింటికీ పాటించండి. నారింజ రంగు వచ్చేదాకా కాలిస్తే నెక్ మరీ మెత్తబడి గుండును పట్టుకోలేదు. ఇంకా ముఖ్యమైంది అడుగు. అడుగు భాగానికి వేడి పాకకూడదు, అది 250 డిగ్రీలు దాటితే నమ్మడానికి లేదు. అడుగు మెత్తబడిన కేసును రైఫిల్‌లో పేలిస్తే బోల్టు దగ్గరే చీలి గ్యాసు వెనక్కి తన్నుతుంది. అందుకే కేసులను పళ్లెంలో పోసి ఓవెన్‌లో పెట్టడం లాంటి పనులు ఎవరు చెప్పినా వినొద్దు. అనుమానం వచ్చిన కేసును ప్లయర్‌తో నలిపి పారేయండి, ఇత్తడి కన్ను కంటే ఖరీదైంది కాదు.

ఎన్నిసార్లకు ఒకసారి? ప్రతిసారీ చేస్తే మేలు. వీలు కాకపోతే మూడుసార్లకు ఒకసారి, కానీ డబ్బాలో ఉన్న అన్నింటికీ కలిపి ఒకేసారి. సగం కాల్చినవి, సగం కాల్చనివి కలిపి పెట్టుకోవడం కంటే అసలు కాల్చకపోవడమే నయం.

ఇప్పుడు షోల్డర్. మా తమ్ముడికీ నాకూ ఎక్కువ వాదన నడిచింది దీని మీదే. డై డబ్బాలో కాగితం ఏం చెబుతుంది? ప్రెస్ రామ్ (కేసును పైకి నెట్టే కడ్డీ) పైకి ఎత్తి, డైని షెల్ హోల్డర్‌కు (కేసు అడుగును పట్టుకునే ముక్క) తగిలేదాకా దించి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పమంటుంది. "కంపెనోళ్లు రాసిందే కదన్నా, తప్పెట్ల అయితది?" అంటాడు వాడు. తప్పు కాదు, వాళ్లు రాసింది ఎవరి రైఫిల్‌లోనైనా తూటా దూరాలని. నీ ఒక్క రైఫిల్‌కు సరిపోవాలని కాదు. లెక్క చూడండి. డై మరలకు అంగుళానికి 14 చుట్లు ఉంటాయి. ఒక చుట్టు అంటే 71 థౌ పైచిలుకు, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పావు చుట్టు అంటే దాదాపు 18 థౌ. ప్రెస్ వంగడంలో కొంత పోతుంది, నిజమే, కానీ మనకు కావాల్సింది ఎంత? బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఒకటి నుంచి రెండు థౌ, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దగ్గర. డైని పది డిగ్రీలు తిప్పితే రెండు థౌ కదులుతుంది. అంత సన్నటి పనిని పావు చుట్లలో చేయమంటే ఎలా?

షోల్డర్‌ను ఎక్కువ వెనక్కి నెడితే కేసు చాంబర్‌లో వదులుగా కూర్చుంటుంది. పేలగానే ముందు భాగం చాంబర్‌కు అతుక్కుని ఆగిపోతుంది, అడుగు వెనక్కి బోల్టు దాకా జరుగుతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. సాగేది ఎప్పుడూ ఒకే చోట, అడుగుకు కాస్త పైన, గోడ సన్నబడటం మొదలయ్యే దగ్గర. ప్రతిసారీ కొంత సాగి, కొంత పలచబడి, ఒకరోజు కేసు అక్కడే రెండుగా తెగుతుంది. సగం చాంబర్‌లో ఇరుక్కుంటుంది, గ్యాసు యాక్షన్‌లోకి, అంటే బోల్టు ఉండే భాగంలోకి వస్తుంది. దీనికి ముందుగానే గుర్తు కనిపిస్తుంది, కేసు చుట్టూ అక్కడ తెల్లగా మెరిసే గీత. పేపర్ క్లిప్పు సాగదీసి చివర కొద్దిగా వంచి, లోపలి గోడను అడుగు నుంచి పైకి గీకుతూ వస్తే గాడి తగులుతుంది. తగిలితే ఆ కేసే కాదు, దానితో పాటు అదే లెక్కన పేల్చిన డబ్బా మొత్తం అనుమానించాల్సిందే. గురి కోసం చేసే పని, ప్రాణం కోసం చేసే పని ఇక్కడ ఒక్కటే. ఇంత స్పష్టమైన పనిని వదిలేసి ప్రైమర్ గుంటలు గీకుతూ కూర్చుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

చేయాల్సింది ఇది. కాలిపర్‌కు తగిలించుకుని షోల్డర్ దాకా దూరం కొలిచే ముక్క, కంపేరేటర్ ఒకటి కొనండి, ఖరీదు ఎక్కువ కాదు, నా లెక్కలో ప్రెస్ తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు అదే. మీ రైఫిల్‌లో పేలిన కేసుల నుంచి ప్రైమర్ తీసేయండి, లేకపోతే ఉబ్బిన ప్రైమర్ కొలతను తప్పిస్తుంది. అడుగు నుంచి షోల్డర్ దాకా కొలవండి. ఒకసారి పేలిన కేసు చాంబర్‌ను పూర్తిగా నింపకపోవచ్చు, రెండు మూడుసార్లు పేలి బోల్టు మూయడం బిగుతుగా అనిపించిన దాని కొలతను అసలు కొలతగా పెట్టుకోండి. అక్కడి నుంచి రెండు థౌ తగ్గేదాకా డైని కొంచెం కొంచెం దించండి. సెమీ ఆటోమేటిక్ అయితే మూడు నాలుగు థౌ ఇవ్వాలి, దానికి బోల్టు మూసే చెయ్యి ఉండదు కాబట్టి. కాల్చి మెత్తబెట్టిన కేసుల్లో ఈ కొలత డబ్బా అంతా ఒకేలా వస్తుంది, కాల్చని వాటిలో అటూ ఇటూ పోతుంది. మొదటి పని, రెండో పని కలిసే చోటు ఇదే.

నెక్ బిగుతు గురించి కొంచెమే చెబుతాను. .308 గుండు వ్యాసం 7.82 మిల్లీమీటర్లు, నెక్ లోపలి కొలత దానికంటే రెండు థౌ తక్కువ ఉంటే సరిపోతుంది. ఇంకా బిగిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుందని అనుకుంటారు, పట్టుకోదు, ఒక హద్దు దాటాక గుండే నెక్‌ను సాగదీసుకుని కూర్చుంటుంది. డై లోపలి ఎక్స్‌పాండర్ బాల్ నెక్‌ను పక్కకు లాగుతుంది కాబట్టి దాన్ని తీసేసి వేరేగా మాండ్రెల్ (నెక్ లోపలికి దించే నున్నటి కడ్డీ) వాడమని నా సలహా. నెక్ లోపల ఉండే నల్లటి మసిని పూర్తిగా తీసేయకండి. స్టీలు పిన్నులతో నీళ్లలో కడిగి తళతళలాడించిన కేసుల్లో గుండు దించుతుంటే ఒకటి సులువుగా, ఒకటి గీరుకుంటూ పోతుంది, అది చేతికే తెలుస్తుంది. కేసులను ఎండు మక్క బెండ్ల పొట్టుతో కలిపి టంబ్లర్‌లో (తిరిగే డబ్బాలో) తిప్పితే చాలు, మన మక్కలు ఒలిచాక మిగిలే బెండ్లే, మరపట్టి అమ్ముతారు.

నెక్ చెక్కడం గురించి మాత్రం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఎక్కువమంది మోజు పడేది దాని మీదే. అది ఎక్కడి నుంచి వచ్చింది? బల్ల మీద రైఫిల్ ఆనించి అతి చిన్న గ్రూపు కోసం కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల నుంచి. 1970ల మధ్యలో లూయీ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ కలిసి పీపీసీ తూటాలు తెచ్చారు, 6 పీపీసీ ఆ పోటీలను ఏలింది. ఆ రైఫిళ్ల చాంబర్లు నెక్ దగ్గర ఎంత బిగుతుగా కోస్తారంటే, మామూలు కేసుకు గుండు పెడితే అందులో దూరదు. అందుకే వాళ్లు నెక్ చెక్కి పలచబరచాలి, అది వాళ్లకు తప్పనిసరి. ఫ్యాక్టరీ రైఫిల్‌లో నెక్ చుట్టూ ముందే కావలసినంత ఖాళీ ఉంటుంది. అక్కడ నెక్ చెక్కితే ఖాళీ ఇంకా పెరుగుతుంది, ప్రతిసారీ ఇత్తడి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అంటే మనం మొదట చెప్పుకున్న సమస్యనే మన చేత్తో పెంచుకుంటున్నాం. గోడ మందం కేసు కేసుకూ మరీ తేడాగా ఉంటే ఆ డబ్బుతో మంచి కేసులు కొనడం మేలు. "గెలిచేటోళ్లంత చెక్కుతుండ్రు కదన్నా" అని మా తమ్ముడి వాదన. వాళ్ల చాంబర్ వాళ్లను చెక్కమంటోంది రా, నీ చాంబర్ నిన్ను అడగలేదు.

బరువు తూచి విడదీయడం కూడా ఇలాంటిదే. కేసు బరువు తేడా అంచు దగ్గరి గాడిలో ఉండొచ్చు, అడుగు మందంలో ఉండొచ్చు, దాన్ని బట్టి లోపలి ఖాళీ ఎంతో చెప్పలేం. మందు కాలేది లోపలి ఖాళీలో. ఒకే కంపెనీ, ఒకే లాటు కేసులు వాడితే ఆ గొడవే ఉండదు. ఫ్లాష్ హోల్ దగ్గర ముళ్లలా ఇత్తడి పొరలు ఉంటే ఒక్కసారి తీసేయండి, తీశాక ఆ సంగతి మర్చిపోవచ్చు. చిన్న ప్రైమర్ ఉన్న లాపువా .308 పాల్మా కేసులకు ఆ రంధ్రం 1.5 మిల్లీమీటర్లే, మామూలుగా ఉండే రెండు మిల్లీమీటర్లు కాదు, ప్రైమర్‌ను బయటికి నెట్టే పాత డీక్యాపింగ్ పిన్ను అందులో ఇరుక్కుంటుంది, అది గుర్తుంచుకోండి చాలు.

"నాకు చెక్కాక గ్రూపు చిన్నదైంది" అనేవాళ్లను ఒకటే అడుగుతాను, ఎన్ని గుండ్లు కాల్చి చెబుతున్నారు? మూడు గుండ్ల గ్రూపు ఏమీ చెప్పదు. అదే తూటా, అదే రైఫిల్‌తో వరుసగా మూడేసి గుండ్ల గ్రూపులు కాలిస్తే ఒకటి ఇంకోదానికి రెట్టింపు రావడం మామూలే, ఏదీ మార్చకుండానే. అందులో చిన్నది వచ్చినప్పుడు చేతిలో ఏ పరికరం ఉంటే దానికి పేరు వస్తుంది. కనీసం ఇరవై గుండ్లు ఒకే లక్ష్యం మీద కాల్చి, చెక్కినవీ చెక్కనివీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అప్పుడు కూడా కనిపిస్తే నేను ఒప్పుకుంటాను.

దూరం లెక్క కూడా చూసుకోవాలి. సెకనుకు 2,600 అడుగుల వేగంతో వెళ్లే .308 గుండు వేగం పది అడుగులు అటూ ఇటూ అయిందనుకోండి. వంద గజాల దగ్గర అది పైకీ కిందికీ తెచ్చే తేడా దాదాపు అర మిల్లీమీటరు. వెయ్యి గజాల దగ్గర అదే తేడా మూడు నాలుగు అంగుళాలు అవుతుంది. వంద గజాల రేంజ్‌లోనే కాల్చేవాడు వేగం తేడాల కోసం కేసులు తూచుకోవడం దేనికి? వెయ్యి గజాలు కాల్చేవాడికి అది పట్టించుకోవాల్సిన విషయమే, కానీ అతనికి కూడా ముందుగా పని చేసేది నెక్ మెత్తదనం, బిగుతు ఒకేలా ఉండటమే.

పొడవు కత్తిరించడాన్ని ఈ వాదనలో కలపను, ఎందుకంటే అది గురి కోసం కాదు, భద్రత కోసం. .308 కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, కత్తిరించేటప్పుడు 2.005కి తెస్తారు. నెక్ హద్దు దాటి పెరిగితే చాంబర్ చివర తగిలి గుండును నొక్కిపట్టేస్తుంది, గుండు బయటికి పోలేక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. ప్రతిసారీ కొలవండి, దాటితేనే కత్తిరించండి, కత్తిరించాక లోపలా బయటా అంచు సాపు చేయండి. షోల్డర్‌ను రెండు థౌకే పరిమితం చేసినవాళ్ల కేసులు పెరగడం కూడా తక్కువే.

కడగడం గురించి మన ఇళ్లలో అందరికీ తెలుసు, చింతపండుతో తోమితే ఇత్తడి మెరుస్తుంది, పులుపు పైపొరను కరిగిస్తుంది. అక్కడ వాళ్లు నిమ్మ ఉప్పు వాడతారు. కొద్ది నిమిషాలు సరే, రాత్రంతా నానబెడితే జింకు పోయి కేసు గులాబీ రంగుకు తిరుగుతుంది, అలా తిరిగిన కేసు బలహీనమైంది. దానికంటే పెద్ద విషయం సీసం. మామూలు ప్రైమర్లలో సీసం కలిసిన మందు ఉంటుంది, పేలిన కేసులో ఆ మసి మిగులుతుంది, టంబ్లర్ మూత తెరిస్తే అదే దుమ్ముగా లేస్తుంది. ఈ పని వంటింట్లో చేయొద్దు, చిన్నపిల్లలు తిరిగే గదిలో అసలే వద్దు. గ్యారేజీ తలుపు తెరిచి, మాస్కు పెట్టుకుని, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని ఇంట్లోకి రండి. మా తమ్ముడి కూతురికి రెండేళ్లు. వాడికి ఈ ఒక్క విషయంలో మాత్రం నేను బతిమాలలేదు, కోప్పడ్డాను, వాడు టంబ్లర్‌ను గ్యారేజీకి మార్చాడు.

ఇక మిగిలింది డబ్బాల లెక్క. ఒక కంపెనీ, ఒక లాటు కేసులు ఒక డబ్బాలో, డబ్బా మీద ఎన్నిసార్లు పేలాయి, ఎప్పుడు కాల్చి మెత్తబెట్టాం, షోల్డర్ కొలత ఎంత అని రాసి ఉంచాలి. డబ్బాలో కొన్ని వాడి కొన్ని మిగిల్చి, మళ్లీ అన్నీ కలిపేయకూడదు, అలా కలిపిన రోజు నుంచి రాసిన లెక్కకు అర్థం ఉండదు. ప్రైమర్ చేతికి ఏ అడ్డూ తెలియకుండా గుంటలోకి జారిపోతోందంటే అడుగు సాగిపోయిందని, నెక్‌ను ఎన్నిసార్లు కాల్చి మెత్తబెట్టినా అడుగును బాగుచేసే మార్గం లేదు కాబట్టి ఆ కేసు పని అక్కడితో అయిపోయింది, నెక్‌ను ప్లయర్‌తో నొక్కేసి పాత సామాను డబ్బాలో వేసేయండి.